ఖమ్మం–భద్రాచలం అడవి అంచు సేద్యం: పంట అవశేషాల పునర్వినియోగం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వరి కొయ్యలు, పత్తికట్టె, మిరపకట్టె, మొక్కజొన్న చొప్ప, పామాయిల్ మట్టలు మొదలైన వాటన్నిటినీ నేడు ‘వ్యవసాయ వ్యర్థాలు’ అనే ఒకే మాటతో వ్యవహరిస్తున్నాం. రైతు వాడుకలో మాత్రం వీటిలో ప్రతిదానికీ ఒక పేరు, ఆ పేరుతోపాటు ఒక వినియోగం ఉండేవి. పంట అవశేషం స్వభావరీత్యా వ్యర్థం కాదని, పొలానికీ పశువుకూ మనిషికీ మధ్య ఉన్న లంకె తెగినప్పుడే అది వ్యర్థమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవి అంచు సేద్యాన్ని ఆధారంగా చేసుకొని అవశేషాల పదజాలాన్ని, వాటిని కాల్చడానికి దారితీసిన కారణాలను, కాల్చడం వల్ల కలిగే నష్టాన్ని, సాధ్యమయ్యే పునర్వినియోగ మార్గాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పంట అవశేషాలు, పెంట, పరిగె, వరి కొయ్యలు, పత్తికట్టె, పోడు, కంపోస్టు, పునుకుల, సుస్థిర వ్యవసాయం.

1. ఉపోద్ఘాతం:

‘వ్యర్థం’ సంస్కృత పదం. ‘వి’ అనే ఉపసర్గ ‘అర్థం’తో చేరి ఏర్పడింది. అర్థం అంటే ప్రయోజనం, ధనం, భావం. ఈ మూడూ తొలగిపోయినది వ్యర్థం. వ్యవసాయం విషయంలో ఈ వ్యుత్పత్తి ఆలోచింపజేస్తుంది. గింజ ఇంటికి చేరాక పొలంలో మిగిలిన గడ్డికి ప్రయోజనం లేదా? ధనం కాదా? ఆ గడ్డికి పెట్టుకున్న పేర్లకు భావం లేదా?

సుస్థిర వ్యవసాయం గురించిన చర్చలో పంట అవశేషాల నిర్వహణ ముఖ్యమైన అంశం. ఇప్పటివరకు ఇది ఎక్కువగా వ్యవసాయశాస్త్ర పరిధిలోనే జరిగింది. తెలుగు భాషాసాహిత్యాల అధ్యయనానికి కూడా ఇందులో పాత్ర ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకే కేటాయించబడింది. వృత్తిపదాల సేకరణను సేద్యంతో మొదలుపెట్టడం యాదృచ్ఛికం కాదు. రైతు జ్ఞానం గ్రంథాల కంటే పదాలలోనే ఎక్కువగా నిలిచి ఉంది. ఆ పదాల ఆధారంగా నేటి సమస్యను చూసే ప్రయత్నమే ఈ వ్యాసం.

2. ప్రాంత పరిచయం:

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఉమ్మడి ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. పడమటన నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వైరా, మధిర ప్రాంతాల వరి మాగాణులు, తూర్పున గోదావరి, కిన్నెరసాని పరీవాహక ప్రాంతాలలోని అడవులు ఉన్నాయి. ఈ రెండింటి మధ్యనున్న నేలను అడవి అంచు అనవచ్చు. పత్తి, మిరప, మొక్కజొన్న, వరి ఇక్కడి ప్రధాన పంటలు. అశ్వారావుపేట, దమ్మపేట మండలాలలో పామాయిల్ తోటలు విస్తరించాయి. భద్రాచలానికి ఎదురుగా గోదావరి అవతలి ఒడ్డున సారపాకలో కాగితపు మిల్లు ఉండడం వల్ల జామాయిల్, సుబాబుల్ తోటలు కూడా పెరిగాయి. కోయలు, కొండరెడ్లు అనాదిగా ఇక్కడ జీవిస్తున్నారు.

మైదానంలో పంట అవశేషాన్ని కాలిస్తే నష్టం ఆ పొలానికి, ఆ ఊరి గాలికి కలుగుతుంది. అడవి అంచున మంట గట్టు దగ్గర ఆగదు. ఇక్కడి అడవి ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు టేకు, వెదురు, మద్ది, తునికి ఆకులు రాలి నేలంతా ఎండుటాకు పరుచుకొని ఉంటుంది. యాసంగి వరి కోతలు, పత్తి, మిరప చేలు ఖాళీ చేయడం కూడా దాదాపు ఇదే కాలంలో జరుగుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు, ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సేకరణ గిరిజన కుటుంబాలకు ముఖ్యమైన ఆదాయం. చేనులో పెట్టిన నిప్పు అడవిలోకి పాకితే కాలిపోయేది ఎండుటాకు ఒక్కటే కాదు, పక్కగూడెం ఆ ఏటి జీవనాధారం కూడా.

3. అవశేషాల పదజాలం:

వరి పంటనే ఉదాహరణగా తీసుకుందాం. కోత తరువాత మడిలో నిలిచి ఉండేవి కొయ్యలు. కళ్లంలో కుప్ప నూర్చాక మిగిలేది గడ్డి. దాన్ని పేర్చితే గడ్డివాము. తూర్పారపట్టినప్పుడు గాలికి పోయేది పొట్టు, గింజ పట్టనిది తాలు. దంపిన తరువాత పైపెంకు ఊక, లోపలి పొర తవుడు, ముతకగా వచ్చేది చిట్టు, విరిగిన బియ్యం నూకలు. మడిలో రాలిపోయిన వెన్నులు పరిగె. ఒక్క పంటకే ఇన్ని పేర్లున్నాయి. వీటిలో ఏదీ పారవేసేది కాదు. గడ్డి పశువుకు, ఇంటి కప్పుకు పనికివస్తే, తవుడు, చిట్టు పాడిపశువుకు పోతాయి. ఊక పొయ్యిలోకి, ఇటుక బట్టీకి వెళుతుంది. నూకలు జావకు, కోళ్లకు వాడతారు.

వీటిలో ‘పరిగె’ ప్రత్యేకంగా పరిశీలించదగినది. కోత అయ్యాక మడిలో మిగిలిన వెన్నులు భూమి లేనివారు ఏరుకోవడం పరిగె ఏరుకోవడం. అది ఆచారం ఇచ్చిన హక్కు. పొలంలో మిగిలినదానికి వినియోగంతోపాటు ఒక హక్కుదారు కూడా ఉండేవారని ఈ పదం తెలియజేస్తుంది.

‘తాలు’ అనే పదం నేటికీ ఖమ్మం మిర్చి మార్కెట్‌లో వినిపిస్తుంది. రంగు వెలిసి తెల్లబడిన కాయలను తాలుకాయలు అంటారు. మేలురకం తేజ మిర్చికి ఒక ధర, తాలుకు మరొక ధర పలుకుతాయి. పేరు నిలిచినచోట నాసిరకానికి కూడా విలువ నిలిచిందనడానికి ఇది మంచి ఉదాహరణ.

‘పెంట’ అనే పదం చరిత్ర ఇందుకు భిన్నమైనది. పశువుల పేడ, కొట్టంలో మిగిలిన గడ్డి, ఇంటి బూడిద, ఊడ్పు చెత్త ఒకచోట మాగి తయారయ్యే ఎరువు పెంట. దాన్ని కూడబెట్టేచోటు పెంటకుప్ప, పెంటదిబ్బ. వేసవిలో బండ్లమీద చేలకు చేర్చడం పెంట తోలడం. పెంటకుప్ప పెద్దదైతే ఆ ఇంట పశుసంపద ఉన్నట్లు, వచ్చే ఏడు చేను బలంగా ఉండబోతున్నట్లు లెక్క. నల్లమలలో చెంచుల ఆవాసాలను పెంటలు అంటారు. సున్నిపెంట వంటి ఊళ్ల పేర్లలోనూ ఈ పదం కనిపిస్తుంది. నేటి పట్టణ వ్యవహారంలో ‘పెంట’ అంటే అసహ్యకరమైనది, ‘పెంట చేయడం’ అంటే వ్యవహారాన్ని పాడుచేయడం. భాషాశాస్త్రంలో దీన్ని అర్థాపకర్షం అంటాం. చేనుకు బలమిచ్చే వస్తువు తిట్టుగా మారడం వెనుక, ఆ వస్తువుతో మన సంబంధం తగ్గిపోవడం కూడా ఒక కారణం.

4. తెగిన లంకెలు:

రైతు పంట అవశేషాలను ఎందుకు కాలుస్తున్నాడు? అవగాహన లేకపోవడమే కారణమని తరచుగా చెబుతారు. ఇది అసంపూర్ణమైన సమాధానం. కాల్చడానికి దారితీసిన కారణాలను నాలుగుగా గుర్తించవచ్చు.

మొదటిది పశువు. దుక్కిటెద్దు స్థానంలో ట్రాక్టర్ వచ్చింది. ఎద్దు ఉన్నంతకాలం గడ్డి దాని ఆహారం. అది తిని వేసిన పేడ చేనుకు ఎరువు. ఎద్దు పోవడంతో గడ్డికి గిరాకీ, చేనుకు పెంట ఒకేసారి తగ్గాయి.

రెండవది యంత్రం. చేతికోతలో గడ్డి మొదలుకంటా కోసి, కట్టలు కట్టి, కళ్లానికి చేరేది. కోతయంత్రం కొంత ఎత్తులో కోస్తుంది. గడ్డిని నలిపి మడిలో వరుసగా వదులుతుంది. కొయ్యలు పొడవుగా నిలుస్తాయి. గడ్డిని మళ్లీ ఏరి కట్టించాలంటే వేరే యంత్రం, వేరే ఖర్చు. పరిగె ఏరుకునే అవకాశం కూడా దాదాపు పోయింది.

మూడవది కాలం. వానకాలం వరి కోసిన వెంటనే యాసంగికి దమ్ము చేయాలి. కాలువ నీటి వంతు, నారు వయసు రైతు చేతిలో ఉండవు. కొయ్యలు కుళ్లడానికి కావలసిన రెండు మూడు వారాలు అతనికి దొరకవు. అగ్గిపుల్ల ఒక్క పూటలో మడిని శుభ్రం చేస్తుంది.

నాలుగవది భూమిమీద హక్కు. సేంద్రియ ఎరువు ఫలితం ఒక పంటతో ముగియదు, అనేక సంవత్సరాలు నిలుస్తుంది. కౌలురైతుకు మరుసటి ఏడు అదే చేను దక్కుతుందన్న హామీ లేదు. ఇతరుల భూమిలో పదేళ్ల బలాన్ని ఒక ఏటి కౌలుదారు ఎందుకు పోయాలి? ఈ ప్రశ్నకు అవగాహన సదస్సులలో జవాబు దొరకదు.

ఈ నాలుగు లంకెలు తెగినచోట గడ్డి వ్యర్థమైంది. కనుక పునర్వినియోగం అంటే ఏదో ఒక కొత్త పరిజ్ఞానాన్ని రైతుకు అందించడం మాత్రమే కాదు. తెగిన లంకెను గుర్తించి దాన్ని మరోవిధంగా కలపడం.

5. కాల్చితే పోయేదెంత?

టన్ను వరిగడ్డిలో సుమారు 5 నుంచి 8 కిలోల నత్రజని, 2 కిలోల వరకు భాస్వరం, 14 నుంచి 20 కిలోల పొటాష్ ఉంటాయి. సిలికాన్ 40 కిలోలకు తక్కువ ఉండదు. వరిలో గింజ, గడ్డి దాదాపు సమానమైన బరువుతో వస్తాయి. ఎకరాకు 25 క్వింటాళ్ల ధాన్యం పండిందనుకుంటే, గడ్డి, కొయ్యలు కలిపి రెండున్నర టన్నులు. అందులో 12 నుంచి 20 కిలోల నత్రజని, 35 నుంచి 50 కిలోల పొటాష్ ఉన్నట్లు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20 కిలోల పైచిలుకు. 50 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో ఉండే పొటాష్ 30 కిలోలు. అంటే గడ్డిరూపంలో ఎకరా మడిలో నిలిచి ఉన్నది సగానికి పైబడిన యూరియా బస్తా, ఒకటి నుంచి ఒకటిన్నర పొటాష్ బస్తాలు. పొటాష్ ఎరువును మన దేశం పూర్తిగా దిగుమతి చేసుకుంటున్నదన్న విషయాన్ని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

గడ్డిని కాలిస్తే నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలిసిపోతుంది. భాస్వరంలో సుమారు నాలుగోవంతు, పొటాష్‌లో ఐదోవంతు నష్టమవుతాయి. ‘బూడిదలో బలం ఉంది’ అనే రైతు మాట అబద్ధం కాదు. పొటాష్‌లో ఎక్కువ భాగం బూడిదలోనే మిగులుతుంది. అయితే ఆ బూడిద గాలికి, మొదటి వానకు చెదిరిపోతుంది. గడ్డిని వరుసగా పేర్చి కాల్చినచోట కుప్పబడి, మిగతాచోట్ల లేకుండా పోతుంది. అన్నిటికంటే ముఖ్యమైన నష్టం కర్బనానిది. మట్టి తేమను పట్టుకోవడానికి, సూక్ష్మజీవులు బతకడానికి, వేసిన ఎరువు నిలవడానికి సేంద్రియ కర్బనమే ఆధారం. బస్తాతో కొనగలిగేది నత్రజనిని, పొటాష్‌ను మాత్రమే.

6. పోడు మంట – కొయ్యల మంట:

అడవి అంచు సేద్యంలో మంట ప్రస్తావన రాగానే పోడు గుర్తుకువస్తుంది. అవశేషాలను కాల్చడం గిరిజన సంప్రదాయమేనన్న వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి.

మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గోదావరి కొండల్లోని కొండరెడ్ల జీవితంపై చేసిన అధ్యయనం 1945లో గ్రంథంగా వెలువడింది. అందులో చిత్రితమైన పోడు పద్ధతిలో చెట్లు నరికి, ఎండిన తరువాత కాల్చి, ఆ బూడిదలో విత్తనం వేస్తారు. కొన్ని పంటల తరువాత ఆ నేలను విడిచి మరోచోటికి వెళతారు. ఆ విరామకాలంలో అడవి తిరిగి పెరిగి, ఆకు రాల్చి, మట్టికి బలం సమకూరుస్తుంది. పోడులో పునర్వినియోగం చేసేది మంట కాదు, విరామం. జనాభా, అటవీ చట్టాలు, స్థిర సాగు కలిసి ఆ విరామాన్ని లేకుండా చేశాయి.

నేటి వరిమడిలో, పత్తిచేనులో మంట ప్రతి పంటకూ వస్తుంది, విరామం మాత్రం రాదు. కాబట్టి కొయ్యలు కాల్చడం పోడుకు కొనసాగింపు కాదు. పోడులోని సగం పద్ధతిని, అదీ రెండవ సగం లేకపోతే హాని చేసే సగాన్ని, మాత్రమే తీసుకోవడం. ఈ భేదాన్ని గుర్తించకపోతే నిందను తప్పుచోట మోపినవాళ్లమవుతాం.

7. పునర్వినియోగ మార్గాలు:

పంటనుబట్టి అవశేషం స్వభావం మారుతుంది. అందువల్ల అన్నిటికీ ఒకే పరిష్కారం ఉండదు.

7.1 వరి కొయ్యలు: వరిగడ్డిలో కర్బన, నత్రజనుల నిష్పత్తి సుమారు 60 నుంచి 80 వరకు ఉంటుంది. సులభంగా కుళ్లడానికి అనువైన నిష్పత్తి 25 నుంచి 30. గడ్డిని పచ్చిగా కలియదున్ని వెంటనే నాటితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టినుంచి తీసుకుంటాయి. పైరు కొన్నాళ్లు పచ్చదనం కోల్పోతుంది. ‘గడ్డి దున్నితే పైరు ఎర్రబడింది’ అని రైతు చెప్పే అనుభవానికి కారణం ఇదే. నీరు నిలిచిన మడిలో మీథేన్ విడుదల కూడా పెరుగుతుంది. కనుక నాటుకు రెండు మూడు వారాల ముందే కలియదున్నడం, ఆ సమయంలో కొంత సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లడం, మొదటి విడత నత్రజనిని తగ్గించకుండా వేయడం అవసరం. అంత వ్యవధి లేనిచోట గడ్డిని యంత్రంతో కట్టలు కట్టించి పాడిరైతులకు చేర్చడమే మేలు. గడ్డి ఉన్న ఊరు ఒకటి, పాడి ఉన్న ఊరు మరొకటి అయినప్పుడు, ఆ రెండింటినీ కలపడం ఒంటరి రైతువల్ల అయ్యే పని కాదు. సహకార సంఘం చేయవలసిన పని అది.

7.2 పత్తికట్టె, మిరపకట్టె: ఇవి కట్టె స్వభావం కలవి, త్వరగా కుళ్లవు. పూర్వం పత్తికట్టె వంటచెరకు. గ్యాస్ పొయ్యి వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. పత్తికట్టెను గట్టుమీద పేర్చి వానకాలందాకా ఉంచితే, దానిమీద మిగిలిన కాయల్లో గులాబీరంగు పురుగు బతికి వచ్చే పంటను ఆశిస్తుంది. కాబట్టి ఇక్కడ దాచడమూ హానికరమే, కాల్చడమూ హానికరమే. పంట ముగియగానే ముక్కలు చేసే యంత్రంతో కట్టెను నలిపి దున్నడం మంచి పద్ధతి. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, పత్తికట్టె వంటివాటిని పరిమితమైన గాలిలో కాల్చి జీవబొగ్గుగా మార్చే చిన్న కొలిమిని రూపొందించింది. పొలంలో మంట కర్బనాన్ని గాలిలో కలిపితే, ఈ కొలిమి అందులో కొంతభాగాన్ని చాలాకాలం మట్టిలో నిలిచే రూపంలోకి మారుస్తుంది.

7.3 పామాయిల్: ఎకరాకు 57 మొక్కలు నాటే పామాయిల్ తోటలో గెలలు కోసినప్పుడల్లా మట్టలు నరకవలసి వస్తుంది. ఆ మట్టలను ముక్కలు చేసి చెట్టు పాదులోనో, వరుసల మధ్యనో పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలకు వెళ్లిన గెలల బరువులో సుమారు ఐదోవంతు, పండ్లు రాల్చుకున్న తరువాత, ఖాళీ గెలలుగా మిగులుతుంది. వీటిలో పొటాష్ సమృద్ధిగా ఉంటుంది. పీచు, పెంకు బాయిలర్లలో ఇంధనంగా ఉపయోగపడతాయి. తోట నుంచి గెలలతో వెళ్లిన ట్రాక్టర్ ఖాళీగా తిరిగివచ్చే బదులు ఖాళీ గెలలతో తిరిగివస్తే ఆ తోట పొటాష్ ఆ తోటకే చేరుతుంది.

7.4 పశువులు తగ్గినచోట కంపోస్టు: పంట అవశేషాలను ఎరువుగా మార్చే శాస్త్రీయ పద్ధతికి మన దేశంలో దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ కలిసి ఇండోరులో చేసిన ప్రయోగాల ఫలితాలు 1931లో గ్రంథంగా వెలువడ్డాయి. భారత, చైనా రైతుల అనుభవాన్ని ఆధారంగా చేసుకొని రూపొందించిన ఆ ఇండోరు పద్ధతిలో అవశేషాలను పొరలుగా పేర్చి, పేడ, మూత్రంతో తడిసిన మట్టి, బూడిద కలిపి, తిరగవేస్తూ మూడునెలల్లో ఎరువు తయారు చేస్తారు. గట్టిగా ఉండే పత్తి, కంది కట్టెలను పొలంబాటమీద పరచి, బండిచక్రాల కింద నలగనిచ్చి, ఆ తరువాత కుప్పలో వేసేవారు. మన చేతిలో యంత్రం లేదన్న కారణంతో ఆ పని ఆగలేదని ఈ వివరం చెబుతుంది.

పేడ ఎక్కువగా అవసరమైన పద్ధతులు నేటి పరిస్థితికి పూర్తిగా సరిపోవు. మహారాష్ట్రకు చెందిన నారాయణ్ దేవతావ్ పంఢరీపాండే రూపొందించిన నాడెప్ పద్ధతి ఇక్కడ అనుకూలం. గోడలకు గాలిరంధ్రాలు ఉంచిన ఇటుకల తొట్టిలో సుమారు 1,400 కిలోల పంట అవశేషాలు, వాటికంటే కొంత ఎక్కువ బరువైన మట్టి, సుమారు 100 కిలోల పేడతో మూడు నాలుగు నెలల్లో కంపోస్టు తయారవుతుంది. ఇందులో పేడ తోడు వంటిది. పాలు పెరుగు కావడానికి ఎంత తోడు కావాలో, ఇక్కడ పేడ అంత చాలు. కుప్పలో తేమ పిండితే చుక్క రాలీరాలనట్టుగా ఉండాలి. కానుగ, జీలుగ, గ్లైరిసిడియా వంటి పచ్చిరొట్ట కలిపితే నత్రజని లోటు తీరి త్వరగా మాగుతుంది. అడవి అంచు గ్రామాలలో ఈ ఆకు గట్లమీదనే పెంచుకోవచ్చు. అడవి నేలమీది ఎండుటాకును పొలాలకు తరలించడం మాత్రం సరికాదు. అది అడవి తన మట్టికి వేసుకుంటున్న ఎరువు.

8. పునుకుల అనుభవం:

తెగిన లంకెలను ఒక గ్రామం కలుపుకోగలదా అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలోనే ఒక సమాధానం ఉంది. పాల్వంచ సమీపంలోని పునుకుల గ్రామం 1990ల చివరలో పత్తిమీద పురుగుమందుల ఖర్చుతో, అప్పులతో తీవ్రంగా నష్టపోయింది. సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ సహకారంతో కొందరు రైతులు రసాయన మందులకు బదులుగా వేపగింజల కషాయం, పేడ–మూత్రం ద్రావణం, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం వాడడం మొదలుపెట్టారు. 2003–04 నాటికి గ్రామం తనను తాను పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకుంది. తరువాతి సంవత్సరాలలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తరించిన పురుగుమందులు లేని సేద్యానికి ఈ గ్రామం ప్రేరణగా నిలిచింది.

పునుకుల అనుభవం నేరుగా పంట అవశేషాలకు సంబంధించినది కాదు. అయినా దాని సారం ఇక్కడ వర్తిస్తుంది. చెట్టుకింద రాలి పోతున్న వేపగింజ, కొట్టంలో ఇంకిపోతున్న మూత్రం అప్పటివరకు ఎవరికీ అక్కరలేనివి. వాటికి ఒక వినియోగం ఏర్పడగానే విలువ వచ్చింది. వేపగింజలు సేకరించి పొడి చేయడం మహిళాసంఘాలకు పని అయింది. ఆ మార్పు ఒక్కొక్క రైతు నిర్ణయంగా మొదలై, ఊరి నిర్ణయంగా స్థిరపడింది. నిప్పు విషయంలోనూ ఇదే అవసరం. పక్కచేను కాలుతున్నప్పుడు ఒక్క చేను కాల్చకుండా ఉండడం కష్టం, గాలి ఎటు వీస్తే మంట అటే పోతుంది. కాల్చరాదన్న నిర్ణయం ఊరిదైతేనే నిలుస్తుంది.

9. మట్టిలో కలవనివి:

అవశేషాలన్నీ వ్యర్థం కావన్నప్పుడు, నిజమైన వ్యర్థం ఏదో కూడా చెప్పవలసి ఉంది. మిరప, కూరగాయల సాగులో మల్చింగ్ షీట్ వాడకం బాగా పెరిగింది. అది తేమను నిలుపుతుంది, కలుపును అణచుతుంది. పంట అయ్యాక చినిగి ముక్కలై మట్టిలో మిగిలిపోతుంది. డ్రిప్ పైపులు, ఎరువుల సంచులు, పురుగుమందు డబ్బాలు కూడా ఇటువంటివే. వీటికి తెలుగులో రైతు పెట్టుకున్న పేర్లు లేవు. కొట్లో విన్న పేర్లే వాడుకలో ఉన్నాయి. మట్టిలో పుట్టనివి కనుక అవి మట్టిలో కలవవు. మిరపకట్టెతోపాటు షీట్‌ను కలిపి కాల్చడం అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. ఆ పొగ విషపూరితం, ఆ బూడిద ఎరువుగా పనికిరాదు. మందు డబ్బాలను ఇంటి అవసరాలకు వాడడం ప్రాణాలకే ముప్పు. వీటిని అమ్మినవారే తిరిగి సేకరించే ఏర్పాటు మండలస్థాయిలో జరగాలి. మట్టిలో పుట్టినది మట్టికి, కొట్లోనుంచి వచ్చినది కొట్టుకు చేరాలన్నది రైతుకు సులభంగా గుర్తుండే విభజన.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. పంట అవశేషాలకు రైతు వాడుకలో విడివిడిగా పేర్లు, వినియోగాలు, కొన్నిచోట్ల హక్కుదారులు కూడా ఉన్నారు. అన్నిటినీ ‘వ్యర్థాలు’గా చూడడం ఆ లంకెలు తెగిన తరువాతి దృష్టి.

2. పశువులు తగ్గడం, కోతయంత్రం, పంటల మధ్య వ్యవధి లేకపోవడం, కౌలు అనిశ్చితి అనే నాలుగు కారణాలవల్ల రైతు నిప్పు పెడుతున్నాడు. వీటిని పట్టించుకోకుండా చేసే హెచ్చరికలు, జరిమానాలు ఫలితమివ్వవు.

3. ఎకరా వరిగడ్డిలో సగానికి పైబడిన యూరియా బస్తాకు, ఒకటికి పైగా పొటాష్ బస్తాకు సమానమైన పోషకాలు ఉన్నాయి. కాలిస్తే నత్రజని, కర్బనం దాదాపు పూర్తిగా పోతాయి.

4. పోడు మంటకు, నేటి కొయ్యల మంటకు పోలిక పైకి కనిపించేదే. పోడును నిలబెట్టినది విరామం.

5. పేడ తక్కువగా అవసరమైన కంపోస్టు పద్ధతులు, కట్టె నలిపే యంత్రాలు, గడ్డి, ఖాళీ గెలల తిరుగు రవాణా వంటివి ఊరుమ్మడిగా చేపట్టినప్పుడే సాధ్యమవుతాయి.

తెలుగు అధ్యాపకులకు, పరిశోధకులకు ఇందులో ఒక తక్షణ కర్తవ్యం ఉంది. వృత్తిపదకోశం కోసం వ్యవసాయ పదాలు సేకరించి ఆరు దశాబ్దాలు దాటింది. ఎద్దుతో దున్ని, చేతితో కోసి, కళ్లంలో నూర్చిన తరం ఇంకా మన మధ్య ఉంది. అడవి అంచు గ్రామాలలో, తెలుగుతోపాటు కోయ భాషలో కూడా, పంట అవశేషాలకు సంబంధించిన పదాలను, వాటి వినియోగాలను నమోదుచేయడానికి మిగిలిన వ్యవధి ఎక్కువ లేదు. వరి కోసిన మడిలో నిలబడి ఒక వృద్ధురాలు ‘ఇది ఫలానా, దీంతో ఈ పని చేసేవాళ్లం’ అని చెప్పే మాట పరిశోధకునికి ఒక పదం, వ్యవసాయ విస్తరణాధికారికి ఒక పద్ధతి. ఆ రెండింటినీ కలిపి సేకరించినప్పుడు మన పరిశోధన పొలానికి కూడా ఉపయోగపడుతుంది.